మహారాజశ్రీ కోర్సు టేపు గారికి

రేసు దారికి గుర్తుగా కర్రలకి కట్టే ప్లాస్టిక్ పట్టీ అయిన మహారాజశ్రీ కోర్సు టేపు గారి దివ్యసముఖానికి, హైస్కూల్ మౌంటెన్ బైక్ రేసుకి దారి సిద్ధం చేసే కోర్సు క్రూ అనేక నమస్కారాలు చేసి రాసుకుంటున్నది ఏమనగా...

ఉభయకుశలోపరి. ఇక్కడ కుశలం లేదు. అయితే నిన్న మధ్యాహ్నం రెండో మైలు దాటాక వచ్చే చీలిక దగ్గర తమరు గడ్డిలో వెల్లకిలా పడుకుని ఉండగా చూసినవాళ్లున్నారు కాబట్టి, తమ కుశలం గురించి మాకు బెంగ లేదు.

తమరు విశ్రాంతి తీసుకుంటున్నారని పాపం పదో తరగతి (సోఫమోర్) అబ్బాయిలకి తెలీదు. ఎడమకి తిరిగి కొండెక్కాల్సిన చోట, ఫైరింజన్ల కోసం వేసిన ఫైర్ రోడ్డు పట్టుకుని తిన్నగా దిగిపోయారు. ముందున్నవాడు దారి తప్పాడు, వెనకున్నవాళ్లు వాణ్ణి నమ్మారు. రేసులో ఉన్న పదిహేనేళ్ల కుర్రాడికి లోకంలో కనపడేవి రెండే: తన ముందు చక్రం కింద రాయి, ముందువాడి వెనక చక్రం. బాణం బోర్డు చూడాలంటే వాడు తలెత్తాలి. తలెత్తాలంటే ఎదురుగా ఏదో ఒకటి అడ్డంగా ఉండాలి. ఆ అడ్డం ఉద్యోగమే తమరిది.

ఇక ఫలితాల సంగతి. టైము లెక్కగట్టే చిప్పు బైకు నంబర్ ప్లేటు వెనక అతుక్కుని ఉంటుంది. ఫినిష్ దగ్గరున్న మ్యాట్ దాటిన క్షణం తప్ప దానికి మరొకటి తెలీదు. మధ్యలో వాడు కొండెక్కాడా, చెట్టు కింద కునుకు తీసి వచ్చాడా అనేది దానికి అనవసరం. అందుకే రెండో ల్యాపు (కోర్సు చుట్టూ రెండో రౌండు) మొదటి ల్యాపు కన్నా నిమిషాలకి నిమిషాలు తక్కువని స్క్రీన్ మీద పడేసరికి, టైమింగ్ టెంటులో ముందు ఆశ్చర్యం, తరవాత అనుమానం, ఆ తరవాత రేడియోలో కేకలు. రూలు పుస్తకం ప్రకారం కోర్సు తెలుసుకోవడం రైడర్ బాధ్యత. దారి తప్పితే ఎక్కడ తప్పాడో అక్కడికే తిరిగొచ్చి మళ్లీ ఎక్కాలి. ఆ రూలు పట్టుకుని ఒకేసారి బయల్దేరిన గుంపు (వేవ్) మొత్తాన్నీ డిస్‌క్వాలిఫై చేయొచ్చు. చేసి, ఆ పిల్లల తల్లిదండ్రుల ముందుకెళ్లి మాట్లాడే ధైర్యం ఎవరికుందో చెప్పండి.

కాబట్టి చివరికి అందరూ చేసే పనే చేశాం. అందరూ సరైన దారిలో తిరిగిన ఆఖరి ల్యాపు ఏదో చూసి, ఆ ల్యాపులో మ్యాట్ దాటిన వరసనే ఫలితంగా ప్రకటించాం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఓపిక పట్టి, మొదటి ల్యాపులో ఊపిరి దాచుకుని, రెండో ల్యాపు కొండ మీద ఒక్కొక్కర్నీ దాటుదామని లెక్క వేసుకున్న పిల్లాడు ఎక్కడున్నాడో అక్కడే ఆగిపోయాడు. మొదటి మైల్లోనే ఉన్నదంతా ఊడ్చేసి, కొండ మీద కక్కుకోవాల్సినవాడు మెడలో పతకంతో ఫొటో దిగాడు. సీజన్ పాయింట్లు, టీమ్ పాయింట్లు, వచ్చే రేసులో స్టార్టు వరసలో ఎవరు ముందు నిలబడాలి అన్నది, అన్నీ ఈ లెక్క మీదే. ఇదంతా ఎవరి వల్ల? మూడంగుళాల వెడల్పున్న ప్లాస్టిక్ వల్ల.

తమరికి మర్యాదలో లోటు చేశామా? చుట్టకి వెయ్యి అడుగులు. ఐదు మైళ్ల కోర్సుకి రెండు వైపులా కట్టాలంటే యాభై మూడు చుట్టలు కావాలి. అంత ఎవరూ కట్టరు, కట్టకూడదు కూడా. స్టార్టు, ఫీడ్ జోన్ (రైడర్లకి సీసాలు అందించే చోటు), ఫినిష్ దగ్గర మాత్రం రెండు వైపులా. మిగతా చోట్ల దారి తనంతట తానే కనపడుతుంది కాబట్టి, మలుపుల లోపలి అంచునా చీలికల దగ్గరా కడితే చాలు. అంటే తమరి మీద పెట్టిన పని చాలా కొంచెం. ఉన్న నాలుగు చోట్ల నిలబడమన్నాం, అంతే.

చీలికకి ముందు, పదడుగులు వేసే దూరంలో ఒక బాణం, చీలిక దగ్గర ఒకటి, దాటాక సరైన దారిలోనే ఉన్నావని ధైర్యం చెప్పడానికి ఇంకొకటి. పోకూడని దారిలో ఎర్ర ఇంటూ మార్కు బోర్డు. ఇన్ని పెట్టినా, మలుపు దగ్గరికి వేగంగా దిగేవాడి కంటికి మొదట తగిలేది అడ్డంగా మెరిసే రంగు గీతే. బోర్డులు చదవాలి, టేపుని చదవక్కర్లేదు. అందుకే తమరంటే అంత నమ్మకం.

ఆ నమ్మకం ఎలా పోయిందో కూడా చెప్పమంటారా? శనివారం పొద్దున చలిలో తమరు వీణ తీగలా బిగుసుకుని ఉన్నారు. రేసుకి ముందు కోర్సు తొక్కి చూసే ప్రీ-రైడ్‌కి వచ్చిన కోచులు మెచ్చుకున్నారు కూడా. ఆదివారం ఎండెక్కింది. తమరి ఒళ్లు పాలిథిన్, వేడికి సాగే జాతి. ముప్ఫై అడుగుల ఎడంతో ఉన్న రెండు కర్రల మధ్య టేపు ఒక్క అంగుళం పొడవు పెరిగిందంటే, మధ్యలో దాదాపు అడుగు కిందికి వేలాడుతుంది. ఒక్క అంగుళానికి ఒక అడుగు! అప్పుగా ఇచ్చిన అంగుళానికి ఇంత వడ్డీ ఏ వ్యాపారీ గుంజడు. వేలాడిన టేపు గాలికి కొట్టుకుంటుంది. కొట్టుకుని కొట్టుకుని ముడి దగ్గర తాడులా మెలిపడుతుంది, అక్కడే తెగుతుంది. ఎప్పుడు చూసినా ముడి దగ్గరే. అందుకే తెలిసినవాళ్లు ముడి వేయరు. కర్ర చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపుతారు. కర్రల మధ్య నాలుగైదు మెలికలు తిప్పి వదులుతారు, గాలి పట్టదు, పటపటమని మోగదు. కర్రల ఎడం పదిహేను అడుగులకి మించనివ్వరు. ఒకే టేపుని చీలిక నుంచి చీలికకి లాక్కుంటూ పోరు, ఎక్కడికక్కడ కోసి విడి ముక్కలుగా కడతారు. లేకపోతే ఒక చోట తెగిన టేపు ఆ పక్క నాలుగు మలుపుల్నీ తనతో పాటు లాక్కుపోతుంది.

నిన్నటి చీలికలో ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నాం. అయినా పడ్డావు.

అవును, ఇక తమరూ లేదు, మీరూ లేదు. ఇన్ని చుట్లు చుట్టి, ఇన్ని మెలికలు తిప్పి, కర్రని సుత్తితో రెండడుగులు దిగ్గొట్టి, దారికి అవతలి వైపుకి వంచి పెట్టి, హ్యాండిల్ తగలకుండా ఇంత జాగ్రత్త పడితే నువ్వు చేసిందేమిటి? మొదటి ల్యాపు అయ్యేదాకా నిలబడి, రెండో ల్యాపుకి ముందు, సరిగ్గా ఆ చీలిక దగ్గర కాపలా ఉన్న మార్షల్ ఇంకో మలుపులో పడ్డ పిల్లాణ్ణి లేపడానికి వెళ్లిన ఆ కాసేపట్లోనే పడుకున్నావు. నడకకొచ్చిన పెద్దమనిషి ఎవరో నిన్ను పైకెత్తి, కింద నుంచి దూరి, మళ్లీ తగిలించకుండా పోయాడట. అది వాడి తప్పే, ఒప్పుకుంటాం. పార్కు అందరిదీ, నడిచేవాళ్లకి దారి మూయమని అనుమతి పత్రంలో రాసి లేదు. కానీ ఎవడు ఎత్తితే వాడి చేతిలో లేచి, ఎవడు వదిలితే అక్కడ పడి, గాలి ఎటు వీస్తే అటు ఊగే నీ గాలివాటపు బతుకుని చూసి మాకు కడుపు మండుతోంది. ఇంతా చేసి ఒక ముక్క వెనక గేర్లు మార్చే డిరైలర్‌లో చుట్టుకుని, అందులో చైను తిరిగే జాకీ చక్రాన్ని బిగించేసి, దారి తప్పని ఒకే ఒక్క పిల్లాడి చైను కూడా తెంపింది. వాడేం పాపం చేశాడు?

రంగు మాట కూడా వచ్చింది కాబట్టి అదీ వినిపించేస్తాం. ఆకులు రాలే సీజన్లో ఎర్ర టేపు, నారింజ టేపు కొనేవాళ్లని ఏమనాలి? మగపిల్లల్లో దాదాపు పన్నెండు మందికి ఒకరికి ఎరుపూ ఆకుపచ్చా సరిగా విడదీసి కనపడవు. ఆకుపచ్చ పొదల ముందు ఎర్ర టేపు కడితే వాడికి అది పొదలో భాగమే. నీలం గానీ, కొట్టొచ్చే గులాబీ గానీ కొనమంటే, పోయినేడాది మిగిలిన చుట్టలున్నాయంటారు. మిగిలినవి ఎండకి పెళుసెక్కి ఉంటాయి, అవి ముట్టుకుంటేనే చిరుగుతాయి.

నంబర్ ప్లేటుని బైకుకి కట్టే ప్లాస్టిక్ జిప్ టైల గురించి ఎవరూ అడగలేదు గానీ, రెండు సరిపోతాయనుకునేవాళ్లకి ఒక మాట. ప్లేటుకి మూడు చోట్ల కట్టాలి, కొసలు కోసేయాలి, లేదంటే మోకాలు గీరుకుపోతుంది. రేడియోలకి శనివారం రాత్రి ఛార్జింగు పెడతామని మాటిచ్చినవాళ్లు ఆదివారం తెల్లవారి గుర్తు చేసుకోవడం కూడా ఆనవాయితీ అయిపోయింది. హ్యాండిల్ చివర బిరడా లేని బైకుని స్టార్టు లైను మీదికి రానివ్వకూడదన్నది ఏటా చెప్పేదే. ఏటా ఎవరో ఒకరు చివరి నిమిషంలో వైన్ సీసా మూతలాంటిదేదో దూర్చుకుని వస్తారు, అదీ పని చేస్తుంది. ఫీడ్ జోనులో సీసా అందించే నాన్నలు పరిగెత్తకూడదని ఎంత చెప్పినా పరిగెడతారు.

మళ్లీ నీ దగ్గరికే వద్దాం. ఉత్తర కాలిఫోర్నియాలో 2001లో బర్క్‌లీ హైస్కూల్ లెక్కల మాస్టారు మ్యాట్ ఫ్రిట్‌జింగర్ లీగు మొదలుపెట్టినప్పుడు పిల్లలు తొక్కినవి 26 అంగుళాల చక్రాలు. 2009లో ఈ లీగుల జాతీయ సంఘం నైకా ఏర్పడి ఈ ఆట రాష్ట్రం నుంచి రాష్ట్రానికి పాకేసరికి చక్రాలు 29కి పెరిగాయి. సీటు బొత్తాం నొక్కితే దిగుతోంది. టైర్లలో ట్యూబులు పోయి, ముల్లు గుచ్చుకుంటే దానంతటదే మూసుకుపోయే ద్రవం వచ్చింది. కాగితం మీద నంబర్లు రాసుకునే చోట చిప్పులొచ్చాయి. ఇన్ని మారినా దారి చూపించే పని మాత్రం నీ దగ్గరే ఉండిపోయింది. నువ్వేమో ఇప్పటికీ గాలికి భయపడుతున్నావు.

నిన్ను తీసేసి తాడు కట్టేద్దామన్న మాట మీటింగులో వచ్చింది, దాచడమెందుకు. నైలాన్ తాడు తెగదు, నడకకొచ్చినవాడు ఎత్తినా మళ్లీ తన చోటికే వస్తుంది. అందరూ తలూపారు. అప్పుడు మెడికల్ టెంటులో ఉండేవాళ్లు ఒక్కటే అడిగారు: పిల్లాడు అదుపు తప్పి ఇరవై మైళ్ల వేగంతో దాని మీదికి వస్తే? తాడు తెగదు. మెడ దగ్గర తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నువ్వయితే తెగుతావు. పిల్లాడు నిన్ను ఛాతీకి చుట్టుకుని పొదలోకి దొర్లి, లేచి, ఆకులు దులుపుకుని, నీ తోకని వెనక ఎగరేసుకుంటూ మళ్లీ బైకెక్కుతాడు. అలాంటి పిల్లాణ్ణి చూసి ఎవరూ నిన్ను తిట్టలేరు. ఇనుప చువ్వలు మానేసి వెదురు కర్రలో పీవీసీ గొట్టాలో వాడేది కూడా ఇందుకే. మీద పడితే అవి విరగాలి, లోపలికి దిగకూడదు. తెగడమే నీ గొప్పతనం. ఎప్పుడు తెగాలో తెలియకపోవడం నీ దరిద్రం.

అందుకని వచ్చే రేసు నుంచి నీ ఉద్యోగం ఉంటుంది, హోదా మాత్రం తగ్గుతుంది. పోకూడని దారికి మొదటి అడ్డం నువ్వు కాదు. పార్కు వాళ్ల అనుమతితో పడిపోయిన ఎండు కొమ్మలు లాగి దారికి అడ్డంగా వేస్తాం, కుప్పగా, దూరం నుంచి చూస్తేనే ఇటు దారి లేదని తెలిసేలా. వాటి వెనక ప్లాస్టిక్ వల కంచె. చీలిక మొదట్లోనే కాకుండా నాలుగైదు గజాలు లోపలికి కడతాం. ఎవడైనా మలుపు తప్పినా బ్రేకు వేసుకునే చోటు ఉండాలి. ఆ కంచెకి ముందు, అందంగా, నువ్వు. మార్షల్ ఆ చీలిక వదలడు. పక్క మలుపులో ఎవరు పడ్డా వెళ్లడానికి వేరే మనిషి ఉంటాడు, రేడియోతో. ఛార్జింగు ఉన్న రేడియోతో. ప్రతి వేవ్‌కి ముందు ఒకరు కోర్సంతా తొక్కుకుంటూ వచ్చి, పడ్డ టేపు లేపి, స్టార్టర్‌కి 'కోర్సు సిద్ధం' అని చెబితే తప్ప ఈల మోగదు. దీనివల్ల షెడ్యూలు ఆలస్యమవుతుందని అనౌన్సరు సణుగుతాడు, సణగనీ.

ఆఖరుగా ఒక మనవి, మళ్లీ మర్యాదగానే. రేసయ్యాక మిమ్మల్ని విప్పడానికి వచ్చేవాళ్లు ఎప్పుడూ కట్టినవాళ్లలో సగం కూడా ఉండరు. చేతికీ మోచేతికీ చుట్టుకుంటూ నడిచే ఓపిక ఎవరికీ ఉండదు. కత్తితో కోసి చెత్త సంచిలో కుక్కుతారు. కర్రకి చుట్టుకున్న రెండు చుట్లూ అక్కడే ఉండిపోతాయి. ఆ ముక్కలు దొరికితే పార్కు వాళ్లు వచ్చే ఏడాది అనుమతి ఆపేస్తారు. కాబట్టి దయచేసి, తమరు తెగిపడేది ఏదైనా ఉంటే ముందే లెక్క చెప్పి పడండి.

ఇట్లు,
కోర్సు క్రూ

తా.క.: ఆ చైను తెగిన పిల్లాడు బైకు భుజాన వేసుకుని సరైన దారిలోనే కొండెక్కి, పరిగెత్తుకుంటూ ఫినిష్‌కి వచ్చాడు. ఫలితాలు మొదటి ల్యాపు ప్రకారం ఇచ్చాం కాబట్టి అదీ లెక్కలోకి రాలేదు. వాళ్లమ్మ ప్రొటెస్టు ఫారం నింపుతోంది. కారణం రాసే గడిలో మీ పేరే రాయమన్నాం.