కత్తివీరులకు శ్రీబాగ్ ఎప్పుడు?

రాయలసీమకు జరిగిన అన్యాయాల జాబితా ఇప్పటికే చాంతాడంత ఉంది. దానికి ఇంకొకటి చేర్చాల్సి వస్తున్నందుకు విచారిస్తున్నాను. ఆదివారం సాయంత్రాలు కర్నూలులో, కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో, ఒక మేడ మీది గదిలో కొందరు యువకులు చాప పరుచుకుని పాచికలు వేస్తున్నారు. ఇరుగుపొరుగు కంగారు పడనక్కర్లేదు, డబ్బు చేతులు మారదు. అధికారమూ మారదు. నా బాధంతా అదే.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని లోకం మీదికి వదిలారు. కథ నడిపే పెద్దమనిషిని డీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఇరవై ముఖాల పాచిక వేసి, దెబ్బ తగిలిందో లేదో తేల్చుకుంటారు. ఇక్కడ ఎరువుల కొట్టు తమ్ముడు కత్తివీరుడు. మెడికల్ కాలేజీ కుర్రాడు మంత్రగాడు. డీఎం బ్యాంకు ఉద్యోగి, కాబట్టి ఎవరు అడిగినా రేపు రమ్మంటాడు.

మొదట్లో మంత్రగాడు తుమ్మితే ఊడిపోయే రకం. కత్తివీరుడే వాణ్ణి వెనకేసుకొచ్చాడు. అయిదో లెవల్‌లో ప్రభుత్వం, అంటే రూల్ బుక్, ఇద్దరికీ వరాలిచ్చింది. కత్తివీరుడికి ఒక వంతులో రెండుసార్లు కత్తి దూసే హక్కు. మంత్రగాడికి ఫైర్‌బాల్, అంటే నలభై అడుగుల మేర ఎవరుంటే వాళ్ల నెత్తిన ఎనిమిది పాచికల నిప్పు. ఆ సాయంత్రం కథలో గుహ నిండా గాబ్లిన్లు, అంటే పొట్టి రాక్షసులు. తమ్ముడు పాచికను గుప్పిట్లో గలగలలాడిస్తూ మోకాళ్ల మీద లేచి కూర్చున్నాడు. మంత్రగాడి వంతు ముందొచ్చింది. ఎనిమిది పాచికలు చాప మీద దొర్లాయి, ఒకటి బీరువా కిందికి పోయింది, అది వెతికి తెచ్చి లెక్క కట్టేసరికి గుహలో ఈగ కూడా మిగల్లేదు.

"నా వంతు ఎప్పుడొస్తాదన్నా?"

"వచ్చింది కదరా. బూడిదలో బంగారముందేమో చూడుపో."

తాళాలు తీసే దొంగ పాత్రధారి గోడు వేరే. తాళం దానంతటదే ఊడే మంత్రం ఒకటుంది. అది మంత్రగాడి చేతికొచ్చిన నాటి నుంచి ఆ దొంగ నిరుద్యోగి.

పరిష్కారాలు రాలేదని కాదు, వచ్చాయి. 1974 నాటి తొలి రూల్ బుక్‌లో రెండో లెవల్ ఎక్కడానికి కత్తివీరుడికి 2,000 పాయింట్లు చాలు, మంత్రగాడికి 2,500 కావాలి. ఆలస్యంగా ఎదిగితే అణిగి ఉంటాడని ఆశ. ఆలస్యంగానే ఎదిగాడు, అణగలేదు. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ అందరికీ ఒకే నమూనా శక్తులు పంచింది: ఎప్పుడైనా వాడుకునేవి, పోరుకొకసారి వాడేవి, రోజుకొకసారి వాడేవి. దాంతో, అందరూ ఒక్కలాగే ఉన్నారని ఆటగాళ్లలో చాలామంది అలిగారు. 2014లో అయిదో ఎడిషన్ మళ్లీ ఎవరి దారి వాళ్లకిచ్చింది. 1987 నాటి ఆర్స్ మ్యాజికా అనే ఇంకో ఆట మాత్రం మొహమాటం లేకుండా మంత్రగాళ్లే దొరలని ఒప్పేసుకుంది. అందుకే వంతులు పెట్టింది: ఒకసారి నువ్వు మంత్రగాడివి, నేను నీ నౌకరు, ఇంకోసారి నేను దొర. నాకు నచ్చిన పద్ధతి ఇదొక్కటే. మన మెడికో కూడా వెంటనే ఒప్పుకున్నాడు. "ఈ వారం నేను దొర, వచ్చే వారం నువ్వు" అన్నాడు. వచ్చే వారం వాడికి క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ, ఆటే లేదు.

అసలు రోగం ఎక్కడుందో ఎవరూ చూడరు. మంత్రగాడి మంత్రాలు నిద్రపోయి లేస్తేనే మళ్లీ నిండుతాయి. కత్తికి ఆ బెడద లేదు. కథలో రోజుకు ఆరు పోరాటాలు పెడితే నాలుగోదానికల్లా మంత్రగాడి జేబు ఖాళీ, అక్కణ్ణుంచి కత్తివీరుడిదే రాజ్యం. ఇక్కడేమో ఒక్క పోరాటం అవగానే కింది నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వస్తాయి. తినేసరికి పొద్దుపోతుంది, "సరే, రాత్రి పడుకున్నట్టు రాసుకోండి" అంటాడు డీఎం. యాభై ఏళ్ల ఆట నిర్మాణాన్ని ఒక ప్లేటు బజ్జీ కూల్చేస్తోంది. వండే అమ్మకు ఈ సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, నాకు అసలే లేదు, నేనూ తిన్నాను.

కాబట్టి ఒడంబడిక కావాలి. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ భవనంలో కోస్తా, సీమ పెద్దలు ఒక మాటనుకున్నారు. రాజధాని, హైకోర్టు ఒకేచోట ఉండకూడదు, ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. అదే సూత్రాన్ని చాప మీద పెట్టమన్నాను. నిప్పు ఉన్నవాడికి ఆకాశం ఉండకూడదు, కోరుకునే హక్కు కత్తివీరుడిది. డీఎం రేపు రమ్మనకుండా ఆ పూటే ఒప్పుకున్నాడు. మండే కత్తి కావాలా, రెక్కల గుర్రం కావాలా అని అడిగాడు. తమ్ముడు చాలాసేపు ఆలోచించి గుర్రం తీసుకున్నాడు.

1953లో మనమూ అలాగే కోరుకుని రాజధాని తెచ్చుకున్నాం, 1956లో అది హైదరాబాదు వెళ్లిపోయింది. డీఎం ఈ చరిత్ర బాగా చదివినట్టున్నాడు. మరుసటి ఆదివారం కథ సొరంగంలోకి దిగింది. మనిషి వంగి నడవాల్సిన సొరంగం, పైకి రావడానికి నెలలు పడుతుందట. గుర్రాన్ని బయట చెట్టుకు కట్టేసి రమ్మన్నాడు.

"మేత ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నా?" అన్నాడు తమ్ముడు.