తొమ్మిది రోజుల్లో అయిదు కోళ్ళు

తణుకు దగ్గర మా మేనత్త ఇంటి పెరట్లో, జామచెట్టు కింద నడిచిన వాదం ఇది. అత్త నలభై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతోంది. నేను పశుసంవర్ధక డిప్లొమా చదివి, చుట్టుపక్కల ఊళ్ళలో కోళ్ళకు టీకాలు వేస్తుంటాను. కింద ‘కోడలు’ అంటే ఆమె మేనకోడల్ని, నేనే. రాస్తున్నదీ నేనే కాబట్టి నా మాటలు పొడుగ్గా ఉంటాయి. అత్త అన్నవాటిలో కొన్ని మర్చిపోయాను. నాకు తగిలినవి మాత్రం దాచలేదు.

పదమూడు కోళ్ళలో తొమ్మిది రోజుల్లో అయిదు పోయాయి. ఆరోది గంప కింద రెక్కలు వాల్చేసి కునుకుతోంది.

అత్త: ఇంకా ఏం చూస్తావే దాన్ని? కొక్కెర తెగులు. చలి పోయి ఎండలు ముదిరేలోపు ఏటా వచ్చేదే. రెట్ట చూడు, ఆకుపసరులా ఉంది.

కోడలు: రెట్ట పచ్చగా ఉంటే కొక్కెర తెగులేనని ఎలా అంటావు అత్తా? మేత ముట్టని కోడి ఏదైనా పచ్చగానే పారుతుంది. కడుపులో గింజ లేనప్పుడు బయటికి వచ్చేది పైత్యమే. అది జబ్బు పడిందని చెబుతుంది గానీ ఏ జబ్బో చెప్పదు.

అత్త: నీ పుట్టుకకు ముందు నుంచీ చూస్తున్నా నేను.

కోడలు: అందుకే అడుగుతున్నా. కొక్కెర తెగులు పట్టిన కోడి ఎలా ఉంటుందో నువ్వే చెప్పు.

అత్త: నోరు తెరిచి గురక పెడుతుంది. మెడ మెలి తిరుగుతుంది, తల వెనక్కి వేసి గుండ్రంగా తిరుగుతుంది. కాళ్ళు, రెక్కలు పడిపోతాయి. గుడ్డు పెడితే తోలుగుడ్డు.

కోడలు: ఈ అయిదింటిలో ఎన్నింటికి మెడ తిరిగింది?

అత్త: ...ఒక్కదానికీ తిరగలేదులే. అన్నిటికీ అన్నీ రావాలని ఉందా? మీ మావయ్యకు జ్వరం వస్తే ఒకసారి వణుకు వస్తుంది, ఒకసారి రాదు.

కోడలు: నిజమే, రావాలని లేదు. గురక?

అత్త: లేదు.

కోడలు: అయితే వరస చెప్పు. ముందు ఏది పోయింది?

అత్త: పొదిగే పెట్ట. పద్దెనిమిదో రోజున పొద్దున్నే గంప ఎత్తితే గుడ్ల మీదే వాలిపోయి ఉంది. నిండా గుడ్లు. ఆ పెట్ట ఒక్కసారి కూడా నన్ను పొడవలేదే.

(ఇక్కడ అత్త కాసేపు మాట్లాడలేదు. వాదంలో ఇది నాకు లాభించింది గనక చెప్పడం న్యాయం.)

కోడలు: తర్వాత?

అత్త: శివరాత్రికి ముందు సంతలో అయిదు పెట్టలు కొన్నాను గదా, వాటిలో నాలుగు. ఒకదాని వెనక ఒకటి. ఇప్పుడు కునుకుతున్నది అయిదోది. పాతవి ఏడూ ఇదిగో, నీ కాళ్ళ దగ్గరే కెలుకుతున్నాయి.

కోడలు: ఈ వరసే కావాలి నాకు. పాతవి ఏడూ బాగున్నాయి. కొత్తవి అయిదూ పడ్డాయి. పాతవాటిలో పోయింది పొదిగే పెట్ట ఒక్కటే.

అత్త: ఇందులో అంత ఆలోచించేదేముంది? సంత నుంచి తెగులు తెచ్చాయి, చచ్చాయి. పాతవాటికి దసరాకు నువ్వే రెక్క కింద సూది వేశావు. సూది పడినవి బతికాయి, పడనివి పోయాయి. ఇది కొక్కెర తెగులని నీ టీకాయే సాక్ష్యం చెబుతుంటే నువ్వు కాదంటావేమే?

(నిజం చెప్పొద్దూ, దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. మంచినీళ్ళు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళాను.)

కోడలు: సరే అత్తా, నీ లెక్క తప్పని అనను. కానీ పొదిగే పెట్టకు కూడా దసరాకు సూది పడింది. మరి అదే ముందు పోయిందేం? అది పోయిన రోజు నువ్వు నాకు ఫొటో పంపావు, గుర్తుందా? తల మీద తురాయి ఎర్రగా ఉండాల్సింది ఉడికిన చికెన్ ముక్కలా తెల్లగా పాలిపోయి ఉంది. తెగులు వచ్చిన కోడి తురాయి నల్లబడొచ్చు, వాయొచ్చు. అంతగా తెల్లబడిందంటే ఒంట్లో రక్తం లేదన్నమాట. ఆ రక్తం ఎటు పోయింది? గాయం లేదు, రెట్టలో నెత్తురు లేదు. పద్దెనిమిది రోజులు రాత్రీ పగలూ ఆ మట్టిగోడను ఆనుకునే కూర్చుంది. మిగతావి చీకటి పడ్డాకే గూటికి వస్తాయి, ఇది మాత్రం అక్కడి నుంచి కదలదు. అందుకే రాత్రి పదకొండింటికి నువ్వు పడుకున్నాక ఫోన్ లైటు వేసుకుని గూడు దగ్గరికి వెళ్ళాను.

అత్త: అర్ధరాత్రి కోళ్ళను లేపావా? పొద్దున గుడ్డు ఎందుకు పెట్టలేదో ఇప్పుడు తెలిసింది.

కోడలు: విను ముందు. పగలు ఆ గోడ బీటలో ఏమీ కనబడదు. రాత్రి లైటు పడేసరికి బీట అంచునంతా చిక్కుడు గింజల్లా బల్లపరుపుగా, బూడిదరంగులో కదిలాయి. ఒకటి అప్పుడే తాగి వచ్చినట్టుంది, నేరేడుపండు రంగులో ఉబ్బి ఉంది. పుల్లతో నొక్కితే నల్లటి నెత్తురు. ఇదిగో, అగ్గిపెట్టెలో పట్టి తెచ్చాను.

అత్త: గోమార్లా? ఓసినీ! ఇవి మా అత్తగారి కాలం నుంచీ ఆ గోడలో ఉన్నాయి. నిరుడూ ఉన్నాయి, ముందటేడూ ఉన్నాయి. కోళ్ళు చావలేదే!

కోడలు: చావలేదు, ఎందుకంటే అవి ఈ గూట్లోనే పుట్టి పెరిగినవి. గేదెకు పట్టే గోమారు రోజుల తరబడి ఒంటికే అంటుకుని ఉంటుంది. కోళ్ళకు పట్టే ఈ జాతి అలా కాదు. ఎదిగిన పురుగు రాత్రి వస్తుంది, గంటలోపే తాగి మళ్ళీ బీటలో దూరుతుంది. అందుకే పగలు కోడి ఒళ్ళంతా వెతికినా ఎదిగిన పురుగు దొరకదు. మేత లేకపోయినా ఏళ్ళ తరబడి బతుకుతుంది, గూడు ఆరు నెలలు ఖాళీగా ఉంచినా చావదు. అది కుట్టినప్పుడు కోడి రక్తంలోకి మెలికలు తిరిగిన సూక్ష్మజీవి ఒకటి ఎక్కుతుంది. దానివల్ల జ్వరం, కునుకు, పచ్చటి రెట్ట, చివర్లో కాళ్ళు పడిపోవడం. స్పైరోకీటోసిస్ అంటారు. చూసేవాళ్ళకు అచ్చం కొక్కెర తెగులులాగే ఉంటుంది. ఒకసారి పట్టి తేరుకున్న కోడికి మళ్ళీ అంత తొందరగా రాదు. కొత్తగా వచ్చిన కోడి మాత్రం పడిపోతుంది. నీ పాతవి ఏడూ చిన్నప్పుడే దాన్ని తట్టుకుని ఉంటాయి. సంతవి ఈ గోడ పక్కన పడుకున్న వారం పది రోజుల్లోనే మొదలైంది.

అత్త: అంటే పొదిగే పెట్ట నెత్తురు పోయి చచ్చింది, సంతవి జ్వరమొచ్చి చచ్చాయి. ఒక గూటికి రెండు రోగాలా? నీకు కావలసినట్టు భలే అతికిస్తున్నావే.

కోడలు: గోడ ఒకటే గదా!

అత్త: ఏమో. నన్నడిగితే మీ మావయ్య పుంజు తెచ్చిందేమో అనిపిస్తుంది. సంక్రాంతికి బరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఎన్ని ఊళ్ళ పుంజులో, ఎన్ని రోగాలో.

కోడలు: ముందు నేనూ దాన్నే అనుమానించాను. ఎక్కడుంటుంది అది?

అత్త: ఎక్కడుంటుందేమిటి! వసారాలో, నులకమంచం కోడుకు కట్టి. దానికి బాదంపప్పు, జీడిపప్పు, ఉడికించిన గుడ్డు. గుడ్డు ఎవరిది? నా పెట్టది. పెట్టకేమో తౌడూ, నూకలూ. ముప్ఫై ఏళ్ళయింది ఆ మనిషిని చేసుకుని, ఒక్కనాడు నాకు బాదంపప్పు తెచ్చిపెట్టలేదు. డేగ పుంజట, డేగ! నిరుడు తెచ్చిన కాకిపుంజు మూడో దెబ్బకే పడిపోయింది. మూడు వేలు పోయాయి. ఆ డబ్బుతో గూటికి రేకులు వచ్చేవి.

(ఈ గొడవ పావుగంట సాగింది. మావయ్య వీధి గుమ్మం దాకా వచ్చి, విషయం అర్థమై వెనక్కి తిరిగాడు.)

కోడలు: ఆ డేగ వసారాలో పడుకుంటుంది కాబట్టే నిక్షేపంలా ఉంది, గమనించావా? గూటివైపు పోలేదు అది.

అత్త: బాదంపప్పు తిని ఉంది.

కోడలు: సరే, నీకో సంగతి చెబుతా. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జావా దీవిలో ఐక్మన్ అని ఒక డచ్చి డాక్టరు ఉండేవాడు. ఆసుపత్రిలో ఆయన కోళ్ళకు ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయాయి. సూక్ష్మజీవి ఉందని తెగ వెతికాడు, దొరకలేదు. అంతలో కోళ్ళు వాటంతట అవే బాగయ్యాయి. ఆరా తీస్తే, అంతకుముందు వాటికి వేసింది సైనికుల వంటింట్లో మిగిలిన తెల్లన్నం. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల బియ్యం కోళ్ళకు ఇవ్వనన్నాడు. మళ్ళీ పైపొర తీయని బియ్యానికి వచ్చేసరికి లేచి తిరిగాయి. జబ్బంతా తౌడు పోయిన బియ్యంలో ఉంది. ఆ దారినే తర్వాత విటమిన్ బి1 బయటపడింది, ఆయనకు 1929లో నోబెల్ వచ్చింది. పేరు ముందే పెట్టేసుకుంటే కళ్ళెదురుగా ఉన్నది కూడా కనబడదు, అది చెబుతున్నా.

అత్త: అయితే జబ్బు కనిపెట్టింది వంటవాడా, డాక్టరా?

కోడలు: ...వంటవాడి వల్లే తెలిసింది.

అత్త: అందులో గొప్ప తౌడుదా, కాదా?

కోడలు: తౌడుదే.

అత్త: నేను పెట్టేది తౌడే. పైగా పేరు ముందే పెట్టుకోకూడదని నాకు చెబుతూ, నువ్వేమో ఆ స్పైరో ఏదో, అది పెట్టేసుకున్నావు.

కోడలు: అందుకే ఈ కునుకుతున్న పెట్టను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్దామంటున్నా. జ్వరం ఉండగా ఒక్క చుక్క రక్తం స్లైడు మీద చూస్తే తేలిపోతుంది. రేపటికి జ్వరం దిగిపోయినా, ఇది చచ్చిపోయినా ఏమీ కనబడదు. స్లైడులో అది ఉంటే పెన్సిలిన్‌కు లొంగుతుంది. కొక్కెర తెగులైతే మందు లేదు, మిగతావాటిని కాపాడుకోవడమే.

అత్త: ఆసుపత్రా? నేనివ్వను. 2025 ఫిబ్రవరిలో ఏమైందో మర్చిపోయావా? వేల్పూరు, కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబు చెప్పేసరికి, చుట్టూ కిలోమీటరు మేర కోళ్ళన్నీ పోయాయి. నేను ఒకదాన్ని పట్టుకెళితే ఈ ఏడింటినీ సంచిలో వేసి పూడ్చిపెడతారు. వాళ్ళిచ్చే పరిహారం ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో!

కోడలు: ఆ భయం తప్పని నేననను. చెబితే నష్టమనిపించే చోట ఎవరూ చెప్పరు, నేను తిరిగే ప్రతి ఊళ్ళో అదే చూస్తున్నా. కానీ బర్డ్ ఫ్లూ అయితే నీ పాతవి ఏడూ ఇలా కెలుకుతూ ఉండవు. రెండు మూడు రోజుల్లో గూడంతా ఖాళీ అవుతుంది. కొక్కెర తెగులు టీకా దాన్ని ఆపదు. అలా ఖాళీ అయితే మాత్రం నన్ను పిలవకముందే ఆసుపత్రికి చెప్పాలి. చచ్చిన కోడిని వంటింట్లో కోయనే కోయకూడదు. నాలుగో పెట్ట కునుకుతుండగా నువ్వు కోసి అల్లుడికి వండావని తెలుసు నాకు.

అత్త: ఎవరు చెప్పారు?

కోడలు: అల్లుడే.

అత్త: బాగుందనే అన్నాడు గదా!

కోడలు: బాగుందనే అన్నాడు.

అత్త: ఇంకో మాట అడుగుతా, దీనికి జవాబు చెప్పు. కొత్తవాటికి టీకా ఎందుకు వేయించలేదని నన్నంటున్నావు గదా...

కోడలు: నేనింకా అనలేదు.

అత్త: అంటావు. టీకా సీసా వంద కోళ్ళకు సరిపోయేది. కలిపాక రెండు గంటల్లో అయిపోవాలంటావు, ఐసులో పెట్టాలంటావు. నాకున్నవి అయిదు. మిగిలిన తొంభై అయిదు ఎవరికి వేసుకోను, కాకులకా?

కోడలు: ...ఊళ్ళో అందరి కోళ్ళూ ఒకే పొద్దున గంపల కిందే ఉంచితే కుదురుతుంది. దసరాకు అలాగే చేశాం గదా. మళ్ళీ అలా పోగుచేయడం నా పని. శివరాత్రికి చేయాల్సింది, చేయలేదు. అది నా తప్పే.

అత్త: ఊఁ. గోడ సంగతేమిటి?

కోడలు: కోళ్ళను ఇవాళే గోడ దగ్గర నుంచి తీసేద్దాం. వసారా చివర వాసంకర్రకు నాలుగు కాళ్ళు పెట్టి ఎత్తుగా వేద్దాం, కాళ్ళ కింద కిరసనాయిలు పోసిన డబ్బాలు. గోమార్లు గోడ మీద నుంచే రావాలి, ఎగరలేవు. బీటలన్నీ గోకి, డాక్టరు రాసిన మందు కొట్టి, మట్టి పెట్టి సున్నం వేద్దాం. ఒకసారి కొడితే సరిపోదు, గుడ్ల నుంచి వచ్చేవి ఉంటాయి, మళ్ళీ కొట్టాలి.

అత్త: వసారాలో డేగ ఉంటుంది.

కోడలు: డేగను మావయ్య మంచం కిందకి మారుద్దాం.

అత్త: ఆ మాట నువ్వే చెప్పు ఆయనకు. ఇంద, పెట్ట. కొత్త సంచిలో పెట్టు, ఆ పాతది వద్దు. మూతి బిగించి కట్టకు, ఊపిరాడదు. ఆటో డబ్బులు నీవే.