భాషా లెక్చరర్లకు అలుపు రాదు: సాక్ష్యాధారాలతో సహా

బెంగళూరులో అలసిపోయే హక్కు ఎవరికి ఉందో ఇప్పటికైనా తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఉంది, అందులో సందేహం లేదు. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటే చాలు, వాళ్లు విడిచే నిట్టూర్పు సిల్క్‌బోర్డ్ జంక్షన్ దాకా వినిపిస్తుంది. హెచ్చార్ వాళ్లు వెంటనే ఒక యోగా టీచర్ని, ఒక కౌన్సెలర్ని పెడతారు. కానీ ఈమధ్య యూనివర్సిటీల్లో తెలుగు, కన్నడ, హిందీ చెప్పేవాళ్లు కూడా తమకు బర్నవుట్ వచ్చిందంటున్నారు. విడ్డూరం కాకపోతే, నోటితో నాలుగు ముక్కలు చెప్పేవాళ్లకు అలుపేమిటి?

ఆవేశపడకుండా శాస్త్రీయంగా చూద్దాం. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్ ప్రస్తావన ఉన్నమాట నిజమే. అయితే అది రోగం కాదని, పనిచేసే చోట ఒత్తిడి చాలాకాలం పాటు తగ్గకపోతే ఏర్పడే స్థితి మాత్రమేనని ఆ సంస్థే స్పష్టం చేసింది. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నాం అనిపించడం దాని లక్షణాలు. యాజమాన్యాలు ఇందులోంచి రెండు ముత్యాలు ఏరుకున్నాయి. రోగం కాదు గనుక మెడికల్ లీవు అక్కర్లేదు. పైగా అది పనిచేసే చోటే రావాలి. సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు చెప్పేది ఇంట్లో హాల్లో కూర్చుని, పక్కన కుక్కర్ కూత వేస్తుండగా. కుక్కర్ ఉన్న చోటును పనిచేసే చోటని ఎవరైనా అంటారా? (ఆడవాళ్లు అంటారు. ఆ వాదన ఇక్కడ మొదలుపెడితే వ్యాసం తెమలదు.)

మారతహళ్లిలో మా పై ఫ్లాటులో ఒక తెలుగు మేడం ఉంటారు. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సెకండ్ లాంగ్వేజ్ చెబుతారు. అనంతపురం, కడప, చిత్తూరు నుంచి వచ్చి పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో ఉంటున్న బీకాం, బీసీఏ, బీఎస్సీ పిల్లలందరినీ కలిపి ఒకే హాల్లో కూర్చోబెట్టారు. అకౌంట్స్ సబ్జెక్టుకైతే గది కావాలి, బోర్డు కావాలి. తెలుగుకు గాలి ఉంటే చాలని ఎవరో మహానుభావుడు నిర్ణయించి ఉంటాడు.

ఇక పాఠాలు చెప్పే ఏర్పాటు సంగతి. ఒక్కో కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్లో చెప్పుకోవచ్చు, మిగతా 60 శాతం క్లాసులో చెప్పండి అని యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2021లో ఒక ముసాయిదా తెచ్చింది. నలభై, అరవై కలిపితే వంద. ఇది లోకం లెక్క. మేడం గారి యూనివర్సిటీలో మాత్రం క్లాసులో చెప్పాల్సిందంతా క్లాసులోనే చెప్పాలి, ఆపైన నలభై ఆన్‌లైన్లో చెప్పాలి. ఆన్‌లైన్ ఉన్న రోజున కూడా పొద్దున్నే వెళ్లి బయోమెట్రిక్‌లో వేలు పెట్టి రావాలి. ఆ వేలు లేకపోతే మనిషి ఉన్నట్టు కాదు.

మొన్న ఆవిడ ఆన్‌లైన్ క్లాసు నేను కళ్లారా చూశాను. చక్కెర అడగడానికి వెళ్తే నోటి మీద వేలేసుకుని కూర్చోమన్నారు. ఉత్పలమాల చెబుతున్నారు. మొదటి అక్షరానికి పదో అక్షరంతో యతి కుదరాలి కదా, నెట్ సరిగ్గా తొమ్మిదో అక్షరం దగ్గర ఆగింది. ఆ ఆగడంలో ఎంత ఛందోజ్ఞానం! మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. మళ్లీ అక్కడే. స్క్రీన్ నిండా నల్లటి గళ్లు, గడికో పేరు, ఒక్క ముఖం లేదు. కింద సబ్‌టైటిళ్లు వాటంతట అవే పడుతున్నాయి. ఆ పద్యాన్ని ఇంగ్లీషు అనుకున్న యంత్రం "గుడ్ బనానా మాస్టర్" అని వేసింది. "అర్థమైందా?" అని అడిగితే ఒక గడిలోంచి మిక్సీ చప్పుడు వచ్చింది, ఇంకో గడిలోంచి "మేడం, అటెండెన్స్?" అని. 75 శాతం హాజరు లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు మరి. ఆ ఒక్క ప్రశ్నలో పిల్లవాడి చిత్తశుద్ధి కనిపించింది.

ఇంతా చేసి పని గంటలు ఎన్ని? 2018 యూజీసీ నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, ప్రొఫెసర్ 14 గంటలు పాఠం చెప్పాలని ఉంది. పదహారు! మిగిలిన సమయమంతా హాయిగా కూర్చుని అసైన్‌మెంట్లు దిద్దుకోవచ్చు. దుప్పటి మీద పెట్టి ఫొటో తీసి, తలకిందులుగా అప్‌లోడ్ చేసిన వ్యాసాలవి. మెడ పక్కకు వంచి చదివితే మెడకు వ్యాయామం, మనసుకు వినోదం. సగం మంది వ్యాసాలు "మానవ జీవితంలో మాతృభాష అత్యంత కీలకమైన పాత్ర పోషిస్తుంది" అనే ఒకే వాక్యంతో మొదలవుతాయి. దాన్ని రాసిన చాట్‌జీపీటీకి మార్కులు వేసే గడి పోర్టల్లో లేదు. అదొక్కటే లోపం.

గెస్ట్ లెక్చరర్ల గురించి బెంగ అనవసరం. సెలవుల్లో క్లాసులు ఉండవు, జీతమూ ఉండదు. అలుపు తీర్చుకోవడానికి ఇంతకంటే సంపూర్ణమైన ఏర్పాటు ఎవరు చేయగలరు?

అసలు సాహిత్యం వచ్చేది ఫైళ్లలో. కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడులిచ్చే నాక్ ప్రధాన కార్యాలయం మన నాగరభావిలోనే ఉండటం బెంగళూరు చేసుకున్న పుణ్యం. దాని ఏడు ప్రమాణాలకు సరిపడా కాగితాలు తయారు చేయడంలో భాషా విభాగం వాళ్లదే పైచేయి. వాళ్లకు రాయడం వచ్చు గదా అని అన్ని విభాగాల రిపోర్టులూ వాళ్ల నెత్తినే వేస్తారు. ప్రతి పాఠానికీ ఫలితం రాయాలి, అదీ కొలవడానికి వీలైన క్రియాపదంతో. మేడం ఒక పాఠానికి "విద్యార్థి పద్యాన్ని ఆస్వాదించును" అని రాశారు. వెనక్కొచ్చింది. ఆస్వాదించడాన్ని ఎలా కొలుస్తారని ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. "విద్యార్థి పద్యాన్ని వర్గీకరించును" అని మారిస్తే ఆమోదించారు.

ఇన్ని చేసినా సిబ్బంది ముఖాలు వాడిపోయి ఉన్నాయని పైవాళ్లు గమనించారు. మనసున్న యాజమాన్యం. ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అనే అంశం మీద వెబినార్ పెట్టారు, పాఠాలు పాడవకుండా ఆదివారం పూట. హాజరు తప్పనిసరి. పాల్గొన్నట్టు జియోట్యాగ్ ఫొటో, అంటే తీసిన చోటు పేరు పడే ఫొటో పంపాలి. మేడం ఇంట్లో కూర్చుని విని, ల్యాప్‌టాప్ పక్కన నవ్వుతూ ఫొటో దిగి పంపారు. ఫొటో కింద మారతహళ్లి అని పడింది. కార్యక్రమం యూనివర్సిటీది అయినప్పుడు స్థలం కూడా యూనివర్సిటీదే ఉండాలి గదా, వెంటనే తిప్పి పంపారు. రెండో విడత మధ్యాహ్నం ఉంది, అప్పుడు సరిగ్గా పంపమన్నారు.

ఆవిడ రెండు బస్సులు మారి వెళ్లారు. గేటు దగ్గర వాచ్‌మన్ "ఇవత్తు రజె అల్వా మేడం?" (ఇవాళ సెలవు కదా మేడం?) అంటూనే రిజిస్టర్ ముందుకు తోశాడట. వచ్చిన పని అనే గడిలో ఆవిడ "విశ్రాంతి" అని రాసి, తాళం తీయించుకుని, ఖాళీ స్టాఫ్‌రూములో ఒక్కరే కూర్చుని ఫోన్లో వెబినార్ మొత్తం మళ్లీ విన్నారు. ఫొటో ఓకే అయింది. ఇక సోమవారం పదింటిలోపు రిపోర్టు ఇవ్వాలి, ఒత్తిడి ఎంత తగ్గిందో శాతంలో రాసి.