బాత్‌రూమ్ కచేరీ, ప్రత్యక్ష ప్రసారం

శనివారం జరిగింది ఇది. ఇవాళ సోమవారం. ఇప్పటికీ వీధిలో ఏ పెద్దావిడ చిన్నగా నవ్వినా, చెవిలో యంత్రం ఉందా లేదా అని ముందు అదే చూస్తున్నాను.

మేముండేది ఇంగ్లండులో, లెస్టర్‌లో. మా వీధి చివరి హాల్లో పెద్దవాళ్ల కోసం అప్పుడప్పుడూ ‘జ్ఞాపకాల మధ్యాహ్నం’ అని పెడతారు. ఈసారి విషయం, మీకు ఇష్టమైన బ్రిటిష్ పాటలు, టీవీ కార్యక్రమాలు. పక్కింటి పెద్దావిడ వచ్చి, “ఎప్పుడూ మా గొంతులే మేం వింటున్నాం, ఈసారి కొత్త గొంతు ఒకటి కావాలి” అని నన్ను బయల్దేరదీసింది. కావలసినంత విన్నారు లెండి.

నేను పెరిగింది తెనాలిలో. నా చిన్నతనంలో బ్రిటిష్ టీవీ అంటే మా మేనమామ దుబాయ్ నుంచి మోసుకొచ్చిన ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ క్యాసెట్లే. లండన్‌లో రాత్రి బడి, ఇంగ్లీషు రాని నానా దేశాల వాళ్లు, తలపట్టుకునే మాస్టారు. 1977 చివర్లో మొదలైంది. ఈ దేశంలో దాన్ని 1979లో ఎల్‌డబ్ల్యూటీ అనే లండన్ టీవీ సంస్థ కార్యక్రమాల అధికారి మైకేల్ గ్రేడ్ ఆపించాడు, పరాయి దేశస్థులను మరీ ఒకే మూసలో చూపిస్తున్నారని. ఆ పరాయి దేశస్థులమైన మేమేమో తెనాలిలో టేపు అరిగిపోయేదాకా చూసి పడిపడి నవ్వాం. సర్దార్‌జీ, పాకిస్తానీ కొట్టుకుంటుంటే మా మామయ్య సోడా తాగుతూ పొలమారిన రోజు కూడా ఉంది. ఇదే చెబుదామనుకుని రెండు పేజీలు రాసుకెళ్లాను.

నిర్వాహకుడు అది చదివి పేజీ మీద అడ్డంగా గీత కొట్టాడు. సున్నితమైన అంశమట. ఈయన పేరు మనకెందుకు, క్లిప్‌బోర్డ్ గారు అనుకుందాం, ఎందుకంటే ఆ అట్టని ఆయన చేతిలోంచి దించగా ఎవరూ చూడలేదు. నన్ను కించపరిచే కార్యక్రమం గురించి నేను మాట్లాడితే నేను నొచ్చుకుంటానని ఆయనకు భయం. నాకేం ఫర్వాలేదండీ అంటే, “అలా అంటారనే మాకు తెలుసు” అని ఇంకో గీత కొట్టాడు.

దానికి బదులు ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ గురించి చెప్పమన్నాడు. “మీ ఊరివాడే కదా!” నిజమే, ఆ గాయకుడు పుట్టింది 1936లో, మద్రాసులో. అసలు పేరు ఆర్నాల్డ్ డోర్సీ, పెరిగింది ఈ లెస్టర్‌లోనే. మద్రాసు మా ఊరెలా అవుతుందని అడగబోయి ఊరుకున్నాను. 1936 నాటికి తెనాలి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కాబట్టి రికార్డుల ప్రకారం ఆయన మాట చెల్లుతుంది. 1967లో ఈయన పాడిన ‘రిలీజ్ మీ’ మొదటి స్థానంలో బైఠాయించి సాక్షాత్తూ బీటిల్స్ పాటని రెండో స్థానంలో ఆపేసింది. ఇది చెప్పాలి. 2012లో యూరోవిజన్ పాటల పోటీకి బ్రిటన్ తరఫున వెళ్లి 26 మందిలో 25వ స్థానంలో నిలిచాడు. ఇది చెప్పకూడదు. రెండూ అట్ట మీద రాసి ఉన్నాయి, ఒకదానికి టిక్కు, ఒకదానికి ఇంటూ.

తర్వాత నాకు కాలరుకి పెట్టుకునే చిన్న మైకు తగిలించాడు. దాని తీగ చివర ఓ డబ్బా ఉంటుంది, అది బెల్టుకి. డబ్బా మీద స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్ మీద ఆయన టేపు అంటించాడు. మామూలుగా కాదు, డబ్బా చుట్టూ తిప్పి తిప్పి. “పోయినసారి ఎవరో పొరపాటున ఆపేశారు. మీరు ముట్టుకోకండి. అంతా నేను చూసుకుంటా.” ఈ దేశంలో జిగురు వస్తువులకి ఓ చరిత్ర ఉంది. 1958 నుంచి నడుస్తున్న ‘బ్లూ పీటర్’ అనే పిల్లల కార్యక్రమంలో అట్టపెట్టెలూ సీసాలూ అతికించి బొమ్మలు చేయిస్తారు. బీబీసీలో కంపెనీ పేర్లు చెప్పకూడదు కనుక ‘వెనక జిగురున్న ప్లాస్టిక్’ అంటూ ఇంతపొడవు పేరు వాడేవాళ్లు. అది చూసి పెరిగిన తరం క్లిప్‌బోర్డ్ గారిది. జిగురున్న వస్తువు కనిపిస్తే ఆ చేతులు ఆగవు.

కార్యక్రమం మొదలైంది. ఒకాయన ‘డాడ్స్ ఆర్మీ’ గురించి చెప్పాడు. ఒకావిడ ‘డాక్టర్ హూ’లో డాలెక్‌లనే మర రాక్షసులు రాగానే సోఫా వెనక దాక్కున్నది నటించి చూపిస్తూ నిజంగానే కుర్చీ వెనక్కి వెళ్లి లేవలేకపోయింది. ఇద్దరం వెళ్లి లేపాం. నేను మర్యాదకి ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’ అనే హాస్య సీరియల్లో ఆ మూడు చక్రాల పసుపుపచ్చ కారు నాకిష్టమన్నాను. “రిలయంట్ రాబిన్ కదా” అన్నాను. క్లిప్‌బోర్డ్ గారు లేచి నిలబడి, “రీగల్. రిలయంట్ రీగల్ సూపర్‌వాన్. రాబిన్ అనడం సాధారణంగా జరిగే పొరపాటు” అని అందరికీ వినబడేలా దిద్దాడు. సాధారణంగా అన్న ముక్క ఎంత నెమ్మదిగా పలికాడో మీరు వినాల్సింది.

అక్కడితో ఆగితే బాగుండేది. టీవీకి, టీ కెటిళ్లకి, కరెంటుకి ఉన్న సంబంధం మీద ఆయన ఉపన్యాసం అందుకున్నాడు. 1990 జులై 4న ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండు పశ్చిమ జర్మనీ చేతిలో పెనాల్టీల్లో ఓడగానే దేశం దేశమంతా లేచి కెటిల్ పెట్టుకుందట. కరెంటు వాడకం ఒక్కసారిగా 2,800 మెగావాట్లు పెరిగిందట. ఇది మాత్రం నాకు నచ్చింది, ఒప్పుకుంటాను. ఏడుపొచ్చినా టీయే, నవ్వొచ్చినా టీయే. కానీ టీ గురించి అంతసేపు చెప్తూ మాకు టీ మీద టీ పోయించడంతో నా పరిస్థితి అదుపు తప్పింది. నా వంతు రావడానికి ఇంకా టైముంది. ముందు ‘ఓన్లీ ఫూల్స్’ ముక్క ఒకటి తెర మీద వేస్తానన్నాడు. “మరి మైకు?” అని బెల్టు చూపించాను. సౌండ్ మిక్సర్ దగ్గర ఓ మీట కిందికి లాగి, బొటనవేలు పైకి చూపించాడు. అంతా ఆయన చూసుకున్నాడు.

నేను వెళ్లాను.

ఇక్కడ కాస్త సాంకేతిక విషయం చెప్పక తప్పదు. ఇలాంటి హాళ్లలో గోడవారగా నేల చుట్టూ ఓ తీగ పరిచి ఉంటుంది. లూప్ అంటారు. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లు దాన్ని ‘టీ’ మీదికి తిప్పితే చుట్టుపక్కల గోల ఏదీ వినబడదు, మైకులోది మాత్రమే ఆ తీగలోంచి సూటిగా చెవిలో పడుతుంది. చాలా మంచి ఏర్పాటు. ఆయన కిందికి లాగిన మీట స్పీకర్లది. లూప్‌ది కాదు. లూప్ లైను వేరు, దానికి మీట వేరు, ఆ మీట ఎక్కడుందో క్లిప్‌బోర్డ్ గారికి ఇప్పటికీ తెలియదు. పైగా సినిమా వేసిన లాప్‌టాప్‌ని ఆయన స్పీకర్లకే కలిపాడు, లూప్‌కి కలపలేదు.

అంటే ఏమైంది? మామూలు చెవులవాళ్లకి బొమ్మా మాటా రెండూ సవ్యంగా అందాయి. ‘టీ’ మీద ఉన్నవాళ్లకి తెర మీద ‘ఓన్లీ ఫూల్స్’ హీరో డెల్ బోయ్ బొమ్మ, చెవిలో నేను.

వాళ్లలో ఒకరు మన డాక్టరు గారు. గుంటూరు వైపు ఆయన. 1970ల్లో వచ్చి ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యారు. మూలన మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న ఆ పెద్దమనిషి మనవాడని నాకు తెలియదు. తర్వాతి కథంతా ఆయన నాకు పూసగుచ్చినట్టు, ఒక్క శబ్దం కూడా వదలకుండా, చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంటూ వివరించిందే.

ఆ దృశ్యం బ్రిటన్‌లో అందరికీ కంఠతా. 1989 నాటిది. డెల్ బోయ్ గొప్పింటివాడిలా కోటేసుకుని బార్‌లో స్నేహితుడితో దర్జాగా మాట్లాడుతుంటాడు. డెల్ బోయ్ అటు తిరిగినప్పుడు బార్ కుర్రాడు బల్ల పలక పైకెత్తి బయటికెళ్తాడు. డెల్ బోయ్ చూసుకోకుండా బల్లకి ఆనుకోబోయి, నిలువునా పక్కకి పడిపోతాడు. శనివారం నాడు ఆ కోటు, ఆ దర్జా అలాగే ఉన్నాయి. కానీ డెల్ బోయ్ పెదవులు కదిలినప్పుడల్లా నా కూనిరాగం వినిపించిందట. నేను నా అంశం ప్రాక్టీసు చేసుకుంటున్నాను మరి. ఏ పాటో చెప్పక్కర్లేదనుకుంటాను. ‘నన్ను విడిచిపెట్టు’ అని అర్థం వచ్చే పాటని మనిషి ఎక్కడ నిలబడి పాడకూడదో సరిగ్గా అక్కడే నిలబడి, పైస్థాయిలో, గమకాలు వేసి పాడాను. గోడలకి టైల్స్ ఉన్నాయి, గొంతు బాగా పలికింది కూడా.

బార్ కుర్రాడు పలక ఎత్తాడు. డెల్ బోయ్ వాలాడు. పడ్డాడు. ఫ్లష్.

“టైమింగ్ అంటే అదయ్యా!” అన్నారు డాక్టరు గారు. “ముప్ఫై ఏళ్లుగా ఆ సీను చూస్తున్నా. వాళ్లకే తట్టలేదు.”

అయిపోలేదు. చేతులు ఆరబెట్టుకునే యంత్రం ఉంటుందే, రెండు చేతులూ లోపలికి పెడితే రయ్యిమని గాలి కొట్టేది, దాని ముందుకి వంగాను. మైకు కాలరుకి ఉంది. కాలరు యంత్రం మూతి దగ్గరికి వచ్చింది. హాల్లో ముందు వరస మొత్తం ఒక్కసారి కుర్చీల్లోంచి ఇంతెత్తు లేచిందట. మిగతావాళ్లు డెల్ బోయ్ పడినందుకే అంత సంబరపడ్డారనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారట.

అప్పుడు మా ఆవిడ ఫోన్. “ఎలా జరుగుతోందండీ?”

నేనన్న మాటలు ఇవి: “ఏం జరగడం! ఈ క్లిప్‌బోర్డ్ మహానుభావుడు ఫుల్ టార్చర్. కామన్ సెన్స్ జీరో. కేక్ డ్రై. టీ డిజాస్టర్. సగంమంది స్లీపింగ్. టోటల్ టైమ్ వేస్ట్.”

మన భాషలో మాట్లాడుకుంటే పరాయి దేశంలో అదో రక్షణ అనుకుంటాం. ఆ రక్షణ ఎంత పలచబడిందో చూడండి. తెలుగు మొత్తం వడకట్టేసి చూస్తే నా మాటల్లో వాళ్లకి అర్థంకానిది ఏమీ మిగల్లేదు. ‘మహానుభావుడు’ ఒక్కటి తప్పించుకుంది. మా తాతయ్య అయితే ఇదే సంగతి, ఇంతకంటే ఘోరంగా, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా చెప్పేవాడు. ఆయన బెల్టుకి మైకు కట్టినా నిశ్చింత. కేకు చేసుకొచ్చినావిడ ముందు వరసలోనే ఉంది. ఆవిడకి రెండు చెవులకీ యంత్రాలు.

1988లో ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ అనే టీవీ పాటల కార్యక్రమంలో ఇలాంటిదే ఒకటి జరిగింది. ఆల్ అబౌట్ ఈవ్ అనే బృందం ముందే రికార్డు చేసిన పాట ఇళ్లలో అందరికీ వినిపిస్తోంది, స్టూడియోలో వాళ్లకి మాత్రం వినిపించలేదు. పాపం ఆ గాయని పాట ఇంకా మొదలుకాలేదనుకుని స్టూలు మీద మౌనంగా కూర్చుని ఎదురుచూస్తోంది, దేశమంతా ఆమె గొంతు వింటూ ఆమె మూసిన నోటిని చూస్తోంది. జాలిపడి మరుసటి వారం మళ్లీ పిలిచి నిజంగా పాడించారు. అక్కడ తప్పు సాంకేతిక సిబ్బందిదని అందరూ ఒప్పుకున్నారు. ఆ గాయనిని ఎవరూ ఫారం నింపమనలేదు.

నేను తిరిగి లోపలికొచ్చేసరికి సగం హాలు తెర చూస్తోంది, సగం హాలు నన్ను చూస్తోంది. అంత ప్రేమగా ఈ దేశంలో నన్ను ఎవరూ చూడలేదు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, “స్వరాలన్నీ సరైనవే నాయనా, వరసే కాస్త అటూ ఇటూ” అంది. అది 1971లో హాస్యనటుడు ఎరిక్ మోర్కమ్ పియానో ముందు కూర్చుని, ఆర్కెస్ట్రా నడిపించే ఆండ్రే ప్రెవిన్‌తో అన్న మాట, ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. అప్పటికీ నాకేం అర్థంకాలేదు. మూలనుంచి మఫ్లర్ పెద్దాయన, “ఏమోయ్ అబ్బాయ్, తెనాలేనా మీది?” అన్నారు, తెలుగులో. నా చెయ్యి బెల్టు మీదికి వెళ్లింది. స్విచ్ తగల్లేదు. టేపే తగిలింది. గోరుతో గీకుతుంటే ఆ గీకుడు కూడా వాళ్లకి వినిపిస్తోందని డాక్టరు గారు సైగ చేశారు.

ఎంగెల్‌బర్ట్ గురించి చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. 25వ స్థానం సంగతి కూడా చెప్పేశానని మాత్రం తర్వాత తెలిసింది. కేకావిడ వచ్చి నా ప్లేటులో ఇంకో పెద్ద ముక్క పెట్టి, నేను మొత్తం తినేదాకా ఎదురుగా నిలబడింది.

క్లిప్‌బోర్డ్ గారు ఏమన్నాడంటారా? తన మీట సంగతి, తన టేపు సంగతి, లాప్‌టాప్ సంగతి ఎత్తలేదు. ‘సంఘటన నివేదిక’ అని నాలుగు పేజీల ఫారం మెయిల్లో పంపాడు. సంఘటనకు కారకుల పేరు అన్న చోట నా పేరు ఆయనే టైపు చేసి పెట్టాడు, నాకు శ్రమ లేకుండా. ‘ఇకముందు ఇలా జరగకుండా మీరు తీసుకోబోయే చర్యలు’ అన్న గడి ఖాళీగా ఉంది. అందులో ఏం రాయమంటారు, టాయిలెట్‌కి వెళ్లను అనా? మా ఆవిడైతే తాతయ్య తెలుగులో రాసి పంపమంటోంది. నాకూ అదే బాగుందనిపిస్తోంది, రెండు వాక్యాలు ఇప్పటికే కుదిరాయి.