నలుగురిలో నోరెందుకు పెగలదు?

మా బంధువులమ్మాయి పెళ్లి మాటలకు పదిమందిమి కూర్చున్నాం. కట్నం, ఆడపడుచు లాంఛనాలు, బస్సుల ఖర్చు... అంకె పెరుగుతున్న కొద్దీ అమ్మాయి తండ్రి కాఫీ గ్లాసును చేతిలో తిప్పుతూనే ఉన్నాడు, తాగలేదు. ఇదేంటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో మాత్రం నలుగురం ఒకే మాట అనుకున్నాం: ఇది అన్యాయం.

1950ల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు. కానీ గదిలో ఒక్కరు తప్ప అందరూ ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్లు. వరసగా తప్పు జవాబే చెబుతారు. ఆ ఒక్కరి వంతు వచ్చేసరికి టెన్షన్. ఇలా పరీక్షకు కూర్చున్నవాళ్లలో నూటికి 75 మంది కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకే గొంతు కలిపారు. తర్వాత అడిగితే కొందరు తమ చూపునే అనుమానించామన్నారు. కొందరికి తప్పని తెలుసు, అందరిలో వేరుగా కనబడటం ఇష్టం లేకపోయింది. జవాబు కాగితం మీద రాయమన్నప్పుడు మాత్రం ఈ తలొగ్గడం బాగా తగ్గింది.

పెళ్లి మాటల దగ్గర మనం ఆ రెండో రకం. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరమే. తెలియక కాదు, నలుగురూ ఏమనుకుంటారోనని. ఆ నలుగురిలో ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురికి భయపడుతున్నారు.

దీన్ని పిరికితనమని కొట్టిపారేయలేను. పురుడైనా, పాడె మోయాలన్నా పదిమంది కావాల్సిన ఊళ్లలోంచి వచ్చాం. వెలి అంటే ఏమిటో మన పెద్దలు చూశారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఆయన ఇంటికి రావడం మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వండారు. ఆయన వెనక ఆ ఒక్క మనిషి నిలబడకపోతే ఆ పెళ్లిళ్లు ఎన్నాళ్లు సాగేవి?

ఆష్ ప్రయోగంలో నన్ను పట్టి కుదిపిందీ అదే. గదిలో ఇంకొక్కరు సరైన జవాబు చెబితే చాలు, మందతో పోవడం నాలుగో వంతుకు పడిపోయింది.

వచ్చే నెల ఇంకో ఇంట్లో మాటలున్నాయి. మా బావకు నిన్నే ఫోన్ చేశాను. ముందు నేను అంటాను బావా, వెంటనే నువ్వు అందుకో అని.