కాఫీ తోట కొని, కాఫీ మానేసినవాళ్లు

భూమ్మీద స్వర్గం కట్టాలనుకునేవాళ్లు మొదట చేసే పని, అందులో ఏమేం ఉండకూడదో జాబితా రాసుకోవడం. ఈ విద్యలో ఫిన్లాండ్ వాళ్లను మించినవాళ్లు నాకు కనబడలేదు.

టోయివో ఊస్కల్లియో గారినే తీసుకోండి. దక్షిణానికి వెళ్లమని దేవుడే పిలిచాడని ఆయన నమ్మకం. బ్రెజిల్ వెళ్లి, 1929లో అనుచరులతో రియో డి జనీరో రాష్ట్రంలో పెనేడో అనే ఎస్టేటులో దిగాడు. మాంసం వద్దు, మందు వద్దు, పొగాకు వద్దు, కాఫీ వద్దు అన్నాడు.

ఆ చివరిది మరోసారి చదవండి. మనిషి లెక్కన కాఫీ తాగడంలో ప్రపంచంలోనే ముందు వరసలో ఉండే దేశంలో పుట్టారు. కాఫీ పంటలో ప్రపంచంలోనే మొదటిదైన దేశానికి ఓడెక్కారు. ఒకప్పటి కాఫీ తోటనే కొనుక్కున్నారు. అందులో కూర్చుని కాఫీ మానేశారు! పొద్దున్నే గ్లాసుడు కాఫీ పడందే పేపరు మడత కూడా విప్పని నాకు ఇది ఘోర తపస్సులా తోచింది. మా ఆవిడ దీనికి వేరే పేరు పెట్టింది, అది ఇక్కడ రాయను.

కాఫీ మాత్రం ఊరుకుందా? వీళ్లు రాకముందే నేలలో సారమంతా పీల్చేసి కూర్చుంది. కాయలూ పళ్లూ తిని బతుకుదామని వచ్చినవాళ్లకు అవే సరిగా పండలేదు.

వీళ్లకంటే ముందు, 1901లో, మట్టి కురిక్కా అనే ఫిన్లాండ్ పత్రికా రచయిత కెనడాలోని మాల్కం దీవిలో ‘సొయింతులా’ అనే ఊరు కట్టాడు. సామరస్యం వెల్లివిరిసే చోటు అని అర్థం. 1903లో జరిగిన అగ్నిప్రమాదంలో 11 మంది పోయారు. దాని మీద వేళాకోళం ఆడలేను. ఆ తర్వాత వంతెన కాంట్రాక్టు మరీ చవగ్గా ఒప్పుకుని నెలల తరబడి ఉత్త చాకిరీ చేశారు. 1904లో సామరస్యం ముదిరి, కురిక్కా సగం మందిని వెంటేసుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ పెనేడోకి వద్దాం. ఊస్కల్లియో జాబితాలో ఆవిరిస్నానం లేదు. ఎండదేశానికి వచ్చి, పట్టే చెమట చాలదన్నట్టు, కట్టెలు మండించి సౌనాలో కూర్చున్నారు. పంట తిండి పెట్టలేదు గానీ, డబ్బిచ్చి బస చేసే అతిథులు పెట్టారు.

ఇప్పుడు ఆ ఊళ్లో ‘చిన్న ఫిన్లాండ్’ పేరుతో రంగురంగుల దుకాణాలు, చాక్లెట్ కొట్లు, శాంతాక్లాజ్‌కు సొంత ఇల్లు ఉన్నాయి. నిక్కర్లేసుకున్న జనం ఉన్నికోటు తాత పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. కాఫీ దొరుకుతుందా అని అడగక్కర్లేదు.