శిక్షణ విమానంలోని కుడి సీటు గారికి

మహారాజశ్రీ కుడి సీటు గారి దివ్యసముఖానికి, గజపతినగరం నుంచి ఒక మేనమామ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు మహా దర్జాగా ఉన్నట్టు మా మేనల్లుడి ఫోన్ల వల్ల తెలుస్తోంది.

2023లో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి మా వైపు పెళ్లి భోజనాల్లో కూడా విమానాల మాటే. ఆ ఊపులోనే మా బావ మామిడితోట అమ్మి కొడుకుని పైలట్ చదువుకి పంపాడు. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలట. ఎలా సాగుతోందిరా అంటే, "ఎగరడం వస్తోంది మావయ్యా, సార్‌ని డౌటు అడగడమే రావట్లేదు" అన్నాడు.

ఆ సారు మంచివాడేనట. టీ కొట్టు దగ్గర నవ్వుతాడు, డబ్బులు కూడా తనే ఇస్తాడు. విమానంలో నేర్పేవారి సీటు తమరే కదా, తమరిలో కూర్చుని బెల్టు పెట్టుకోగానే గొంతు మారిపోతుంది. తమాషా ఏమిటంటే, చిన్న విమానాల్లో స్పీడు, ఎత్తు చూపే మీటర్లు ఎక్కువగా ఎడమవైపు, అంటే కుర్రాడి ముందే ఉంటాయి. తమరిలో కూర్చున్నవారు వాటిని మెడ సాచి ఏటవాలుగా చూడాలి. అయినా "కళ్లు కనబడటం లేదా?" అన్న ప్రశ్న మాత్రం కుడి నుంచి ఎడమకే వెళ్తుంది.

స్టాల్ నేర్పేటప్పుడు మరీ ఘోరం. ముక్కు బాగా పైకెత్తితే రెక్కకి లిఫ్ట్, అంటే పైకి మోసే బలం, తగ్గిపోయి విమానం జారుతుంది, అదే స్టాల్. భయపడ్డ చెయ్యి కంట్రోల్‌ని ఇంకా వెనక్కి లాగుతుంది. చెయ్యాల్సింది ముందుకి నెట్టడం. అంటే ఆ క్షణంలో కుర్రాడి భయం తగ్గాలి. అప్పుడే తమరి వైపు నుంచి అరుపు వస్తుంది, వాడి పిడికిలి ఇంకా బిగుస్తుంది. కిందకి దిగాక "అర్థమైందా?" అంటే "ఎస్ సర్". మా వాడికి బాగా వచ్చిన పాఠం ఆ రెండు మాటలే.

తమరి ఘనత ఈనాటిది కాదు లెండి. 1977 మార్చి 27న స్పెయిన్ వాళ్ల టెనరీఫ్ దీవిలో రెండు జంబో జెట్లు, అంటే బోయింగ్ 747లు, రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయారు. అనుమతి రాకుండానే టేకాఫ్ మొదలుపెట్టిన డచ్ విమాన సంస్థ కేఎల్ఎం కెప్టెన్, ఆ సంస్థలో 747 పైలట్ల శిక్షణకి పెద్ద. పక్కనున్న కోపైలట్‌ని రెండు నెలల కిందట పరీక్షించి పాస్ చేసింది కూడా ఆయనే. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని వెనక నుంచి ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. లేదని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇంకెవరూ మాట్లాడలేదు. ఆ రోజు ఆయన కూర్చున్నది ఎడమ సీట్లోనే అయినా, ఆ గట్టితనం తమరి దగ్గర అలవాటైందేనని నా అనుమానం. చిన్నవాళ్లు నోరు తెరవడం, పెద్దవాళ్లు చెవి ఒగ్గడం కూడా పైలట్లకి పాఠంగా చెప్పడం ఆ తర్వాతే ఊపందుకుంది.

మా విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారని ఒక గురువుండేవారు. మధూకరం ఎత్తుకుంటూ చదువుకున్న ఘంటసాలకి పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. ఆయన అరిచినట్టు ఎవరూ చెప్పగా వినలేదు. అయినా ఆ శిష్యుడి గొంతు ఎంత దూరం వినిపించిందో తమరికి నేను చెప్పాలా?

మా వాడి మొదటి సోలో రోజు తమరు ఖాళీ. విమానం ఎప్పటికన్నా చురుగ్గా లేచిందట. వెటకారం కాదు, ఒక మనిషి బరువు తగ్గింది మరి.

ఇప్పుడు అసలు విన్నపం. లైసెన్సు వచ్చాక ఎగిరిన గంటలు పోగేసుకోవడానికి మా వాడు కూడా ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్, అంటే ఎగరడం నేర్పే అర్హత, తెచ్చుకుంటాడట. అంటే రేపో మాపో తమరి ఒళ్లోకే వస్తాడు. వాడిది మా వంశపు నోరు. దానికి తమరి సాయం అక్కర్లేదు.

ఇట్లు,
మేనమామ